‘కంప్యూటర్ పోయింది’ అన్నారా? ముందు ఎర్త్ చూడండి!

* సెల్ఫ్ కొట్టని వ్యానుకు 42 వేలు అన్నారు.. 650తో తేలింది
* స్కానర్ చెప్పేది తీర్పు కాదు, ఫిర్యాదే అంటున్న బరంపురం మిస్త్రీలు
* ఉప్పుగాలి, తుపాను నీళ్లు.. సరిహద్దు బళ్లకు రెండు శత్రువులు

బరంపురం: ఉదయం ఏడు కావస్తోంది. ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చే హైవే మీద లారీల రొద అప్పుడే మొదలైంది. ఊరి శివారులో ఓ రేకుల షెడ్డు ముందుకు తెల్ల వ్యాను ఒకటి తాడు కట్టించుకుని వచ్చి ఆగింది. ఏపీ-39 నంబరు. వెనక సీట్లో ఒక పెద్దాయన, పక్కన ఆయన భార్య. ఆమె ఒళ్లో టిఫిన్ క్యారేజీ, ఆస్పత్రి ఫైలు. ఉద్దానం పల్లె నుంచి వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు ఇక్కడికి వస్తారు. తొమ్మిదింటికల్లా మిషన్ దగ్గర ఉండాలి.

‘‘బాబాయ్, సెల్ఫ్ కొట్టట్నేదు. మొన్న కొట్నేదు, నిన్న కొట్టింది. ఇప్పుడు టీకి ఆపేను, మరి ఎత్తుకోనేదు. ఒక షెడ్డులో చూపిస్తే కంప్యూటర్ పోయిందన్నారు. కొత్తదేస్తే నలభై రెండు వేలవుతాదట’’ డ్రైవరు ఒక్క గుక్కలో చెప్పేశాడు. బండి ఫైనాన్సుది. ఇంకా 14 వాయిదాలున్నాయి.

షెడ్డు మిస్త్రీకి అరవై దగ్గర పడుతున్నాయి. ఆయన బోనెట్ ఎత్తలేదు, స్కానరూ తీయలేదు. ముందు కుర్రాడిని పిలిచి ఆటో తెమ్మన్నాడు. ‘‘వాళ్లని ఆస్పత్రికి పంపించు నాన్నా. బండి ఆగొచ్చు, మిషన్ ఆగదు కదా’’ అన్నాడు. దంపతులు ఆటో ఎక్కాక డ్రైవరు వైపు తిరిగాడు. ‘‘ఇప్పుడు తాళం తిప్పు. నేను వింటాను.’’

టక్! ఒక్కటే శబ్దం. మీటరు బోర్డులో ముళ్లు కిందపడి లేచాయి. లైట్లు ఆరిపోయినట్టయి మళ్లీ వెలిగాయి. ఇంజిన్ మాత్రం కదల్లేదు.

‘‘ఈ బండిలో సెల్ఫ్‌కి కరెంటు కంప్యూటర్ ఇవ్వదు. తాళం నుంచి రిలేకి, రిలే నుంచి సెల్ఫ్‌కి నేరుగా పోతుంది. టక్‌మందంటే అక్కడి దాకా వచ్చినట్టే. మరి కంప్యూటర్ పోతే సెల్ఫ్ ఎందుకు తిరగదు? ఆ నలభై రెండు వేలు జేబులో ఉంచుకో’’ అన్నాడాయన.

సరిహద్దుకు అటూ ఇటూ ఇప్పుడు తరచూ వినబడే మాట.. ‘ఈసీఎం పోయింది’. ఈసీఎం అన్నా, ఈసీయూ అన్నా ఇంజిన్‌ను నడిపే కంప్యూటరే. బండి స్టార్ట్ కాకపోతే ముందు దాని మీదే అనుమానం. నిజంగా అదే పోతోందా? పోయిందని ఎలా తేల్చాలి? బరంపురంలో రెండు మూడు షెడ్లు తిరిగి, వైరింగ్ పని చేసే వాళ్ల పక్కన కూర్చుని చూసి రాసిన కథనమిది.

హ్యాండిల్ నుంచి చిప్ దాకా..

‘‘మా గురువు దగ్గర అంబాసిడర్‌కి హ్యాండిల్ ఉండేది. బ్యాటరీ డౌనయితే ముందు నుంచి హ్యాండిల్ పెట్టి తిప్పేవోళ్లం. వెనక్కి తన్నిందంటే చెయ్యి విరిగేది’’ అని గుర్తు చేసుకున్నాడు మిస్త్రీ. ఆ బాధ తప్పించడానికే కరెంటు సెల్ఫ్ పుట్టింది. అమెరికాలో చార్లెస్ కెట్టరింగ్ తయారుచేసిన సెల్ఫ్ మోటారును 1912లో కాడిలాక్ కార్లలో బిగించారు. వందేళ్లు దాటినా దాని మూలసూత్రం మారలేదు. బ్యాటరీ, మందపాటి తీగ, సోలినాయిడ్, మోటారు, తిరిగి ఇంజిన్ బాడీ మీదుగా బ్యాటరీకి. అంతే.

మారిందల్లా మిగతాది. కార్బురేటర్ పోయి ఇంజెక్టర్ వచ్చింది. పాయింట్లు పోయి సెన్సర్లు వచ్చాయి. మన రోడ్ల మీద 2000 ప్రాంతం నుంచి ఎంపీఎఫ్‌ఐ అనే అక్షరాలు కార్ల వెనక కనబడసాగాయి. పొగ నిబంధనలు బిగిసేకొద్దీ కంప్యూటర్ పని పెరిగింది. బీఎస్-4 నిబంధనలు దేశమంతటా 2017 ఏప్రిల్ 1 నుంచి, బీఎస్-6 నిబంధనలు 2020 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యాయి. దాంతో స్కూటర్లకూ ఇంజెక్టర్లు, సెన్సర్లు తప్పలేదు.

స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఒకటి ఉంటుంది. అమెరికాలో 1996 నుంచి ప్రతి కొత్త కారుకూ తప్పనిసరి చేసిన ఆ సాకెట్టే తర్వాత మన కార్లలోకీ వచ్చింది. స్కానర్ దానికి తగిలిస్తే కంప్యూటర్ తన బాధలను కోడ్ నంబర్లుగా చెబుతుంది. అసలు చిక్కంతా అక్కడే మొదలైంది.

కోడ్ అంటే ఎఫ్‌ఐఆర్

వ్యానుకు స్కానర్ తగిలిస్తే నాలుగు కోడ్‌లు వచ్చాయి. వాటిలో పి0562 అంటే వోల్టేజీ తక్కువగా ఉందని. యు0100 అంటే ఇంజిన్ కంప్యూటర్‌తో మాటలు తెగిపోయాయని. మొదటి షెడ్డు వాళ్లు ఈ రెండోదాన్ని పట్టుకునే ‘కంప్యూటర్ పోయింది’ అన్నారట.

‘‘కోడ్ అంటే ఎఫ్‌ఐఆర్ లాంటిది బాబూ. ఎవరో స్టేషన్‌కెళ్లి ఫిర్యాదిచ్చారు. అందులో పేరున్నోడల్లా దొంగేనా? దర్యాప్తు చెయ్యొద్దా?’’ అన్నాడు మిస్త్రీ. రెండు కోడ్‌లు పక్కపక్కన పెట్టి చదవమన్నాడు. కరెంటు తగ్గింది.. కంప్యూటర్ మాట్లాడటం మానేసింది. ముందుది కారణం, రెండోది ఫలితం. తిండిలేక కళ్లు తిరిగి పడిపోయిన మనిషిని చూసి ‘గుండె పోయింది’ అంటే ఎలా?

తాళం తిప్పిన క్షణంలో సెల్ఫ్ మోటారు భారీగా కరెంటు లాగుతుంది. చిన్న పెట్రోలు కారుకే వంద ఆంపియర్లు దాటుతుంది. డీజిల్ బండికి ఇంకా ఎక్కువ. అదే హెడ్‌లైటు బల్బు ఒకటి లాగేది నాలుగైదు ఆంపియర్లే. అందుకే ‘లైట్లు బాగానే వెలుగుతున్నాయి, బ్యాటరీ బాగుంది’ అనే మాట నమ్మడానికి లేదు. అంత లాగుడులో ఎక్కడ లోపమున్నా వోల్టేజీ పడిపోతుంది. ఆ పడిన వోల్టేజీతో కంప్యూటర్ ఆరి మళ్లీ వెలుగుతుంది. ఆ కంగారులో తోటి కంప్యూటర్లన్నీ ‘ఫలానావాడు మాట్లాడటం లేదు’ అని ఫిర్యాదులు రాసిపెట్టుకుంటాయి.

శబ్దమే సగం చెబుతుంది

తాళం తిప్పినప్పుడు ఏం వినబడిందన్నదే మొదటి ప్రశ్న. ఏ షెడ్డుకెళ్లినా మిస్త్రీలు చెప్పిన లెక్క ఇది.

ఏ శబ్దమూ లేదు: హారన్, లైట్లు కూడా లేకపోతే బ్యాటరీ, టెర్మినళ్లు చూడాలి. అవి ఉండి సెల్ఫ్ దగ్గరే మౌనమైతే తాళం స్విచ్, ఫ్యూజు, రిలే, క్లచ్ కింది స్విచ్.. ఈ సన్న తీగల దారిలో ఎక్కడో తెగింది. ఆటోమేటిక్ గేరు బండైతే గేరు పార్కులోనో న్యూట్రల్‌లోనో ఉందో లేదో చూడాలి.

టకటకటక: బ్యాటరీ బలహీనమైనా, టెర్మినల్ వదులైనా ఇలా కొట్టుకుంటుంది. సోలినాయిడ్ లాగుతుంది, కరెంటు పడిపోతుంది, వదిలేస్తుంది, మళ్లీ లాగుతుంది.

ఒక్కటే టక్: సోలినాయిడ్‌కు కరెంటు వచ్చింది. మోటారుకు చాల్లేదు. మందపాటి కేబుళ్లు, ఎర్త్, సోలినాయిడ్ లోపలి రాగి కాంటాక్టులు, మోటారు బ్రష్షులు చూడాలి.

ఇంజిన్ చక్కగా తిరుగుతుంది, అంటుకోదు: ఇక సెల్ఫ్‌ను వదిలేయొచ్చు. డీజిలో పెట్రోలో వస్తోందా, స్పార్క్ ఉందా, ఇంజిన్ తిరుగుతున్న సంగతి కంప్యూటర్‌కు చెప్పే క్రాంక్ సెన్సర్ పనిచేస్తోందా.. ఇవి చూడాలి. కంప్యూటర్ మీదకు అనుమానం ఎక్కువగా వెళ్లాల్సింది ఇక్కడే.

కొత్త రకం బళ్లలో, ముఖ్యంగా బటన్ స్టార్ట్ ఉన్నవాటిలో సెల్ఫ్ రిలేను కూడా కంప్యూటరే నడుపుతుంది. వాటిలో తాళంలోని చిప్ గుర్తు పట్టకపోయినా, బ్రేకు పెడల్ స్విచ్ పోయినా సెల్ఫ్ తిరగదు. బోర్డు మీద తాళం బొమ్మ మిణుకుమిణుకుమంటుంటే ముందు రెండో తాళంతో ప్రయత్నించాలి.

మీటరు పట్టుకున్నది ఇదీ..

మిస్త్రీ చేతిలో మీటరు పాతది. పిన్నులకు ఇన్సులేషన్ టేపు చుట్టి ఉంది. బ్యాటరీ మీద పెడితే 12.5 వోల్టులు. బాగుంది. నిండా చార్జయిన బ్యాటరీ 12.6 దగ్గర చూపిస్తుంది. 12.2కు దిగితే సగం ఖాళీ అయినట్టు.

‘‘ఇప్పుడు తాళం తిప్పి పట్టుకో.’’ బ్యాటరీ మీద 10.9కి దిగి నిలబడింది. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే దిగిపోతే బ్యాటరీని అనుమానించాలన్నది పనివాళ్ల లెక్క. ఇక్కడ బ్యాటరీ తప్పు లేదని తేలింది.

తర్వాత ఒక పిన్ను బ్యాటరీ ప్లస్ మీద, రెండోది సెల్ఫ్ మోటారు బోల్టు మీద. తాళం తిప్పితే 0.3. అర వోల్టు లోపు కాబట్టి ఫరవాలేదు. చివరికి ఒక పిన్ను బ్యాటరీ మైనస్ మీద, రెండోది ఇంజిన్ బ్లాక్ మీద. తాళం తిప్పారు.

2.3!

‘‘దొరికింది’’ అన్నాడు మిస్త్రీ. అక్కడ 0.2, మహా అయితే 0.3 దాటకూడదు. 10.9లోంచి 2.3, 0.3 పోతే సెల్ఫ్‌కు మిగిలింది 8.3 వోల్టులు. ఈ వ్యానులో కంప్యూటర్ ఎర్త్ కూడా ఇంజిన్ మీదే బిగించి ఉంది. అంటే తాళం తిప్పినప్పుడల్లా దానికీ ఎనిమిదిన్నరే అందుతోంది. పాపం, అదేం మాట్లాడుతుంది?

బండి కిందకు దూరి చూస్తే గేరు బాక్సు నుంచి చాసిస్‌కు వెళ్లే ఎర్త్ పట్టీ పచ్చగా చిలుము పట్టి ఉంది. పట్టుకుని లాగితే సగం పోగులు చేతిలోకి వచ్చాయి. వ్యాను ఉండేది సముద్రానికి కిలోమీటరు దూరంలోని ఊళ్లో. రాత్రంతా ఆరుబయటే. ఉప్పుగాలి ఏడేళ్లలో ఆ రాగిని తినేసింది.

మొదటి షెడ్డువాళ్లు ఎర్త్ చూడలేదా? చూశారట. మీటరు పెట్టి తీగ కలిసే ఉందని వదిలేశారట. మీటరు అబద్ధం చెప్పలేదు. బండి ఆగి ఉన్నప్పుడు నాలుగు పోగులు మిగిలినా ‘కలిసే ఉంది’ అనే చూపిస్తుంది. ఒక ఓంలో నూరో వంతు అడ్డు ఉందనుకోండి. మామూలు మీటరు దాన్ని పట్టలేదు. కానీ 200 ఆంపియర్లు పారితే అక్కడే 2 వోల్టులు మాయమవుతాయి. ‘‘బండి పరుపు మీద పడుకున్నప్పుడు కాదు, బరువు మోస్తున్నప్పుడు చూడాలి’’ అన్నది మిస్త్రీ మాట. అందుకే ఈ పరీక్షలన్నీ తాళం తిప్పి పట్టుకునే చేయాలి.

పాత పట్టీ విప్పారు. బోల్టు కూర్చునే చోట ఉప్పుకాగితంతో రుద్ది లోహం మెరిసేదాకా తెచ్చారు. కొత్త పట్టీ బిగించి పైన గ్రీజు పూశారు. తాళం తిప్పితే సగం చుట్టుకే ఇంజిన్ అందుకుంది. కోడ్‌లు చెరిపి మూడుసార్లు ఆపి, మూడుసార్లు స్టార్ట్ చేశారు. ఒక్క కోడ్ కూడా తిరిగి రాలేదు. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ మీద 14.2 వోల్టులు. డైనమో కూడా బాగుందన్నమాట. పట్టీ, కూలీ కలిపి 650 రూపాయలు.

మరి నిజంగా పోయేదెప్పుడు?

ఈసీఎం పోదని కాదు. పోతుంది. బరంపురం మిస్త్రీలకు ఆ సంగతి బాగా తెలిసింది తుపాన్ల తర్వాతే. 2013 అక్టోబరు 12 రాత్రి పైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరాన్ని తాకి, అటు శ్రీకాకుళాన్ని, ఇటు గంజాం, గజపతి జిల్లాలను ముంచెత్తింది. నీళ్లలో నానిన బళ్లు ఆ తర్వాత వారాల తరబడి షెడ్లకు వస్తూనే ఉన్నాయి. చాలావాటిలో కంప్యూటర్ పెట్టె డ్యాష్‌బోర్డు కింద, కాళ్ల దగ్గర ఉంటుంది. నీరు చేరితే పిన్నులు పచ్చబడతాయి. ఒక్కోసారి ఎండబెడితే పనిచేస్తుంది. నెల తర్వాత చచ్చిపోతుంది.

నీట మునిగిన బండికి చేయకూడని పని ఒకటే.. తాళం తిప్పడం. సిలిండర్‌లో నీరుంటే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. తడిసిన బోర్డుకు కరెంటు ఇస్తే అది కాలుతుంది. ముందు బ్యాటరీ మైనస్ విప్పి, బండిని లాగించుకుని వెళ్లాలి.

మనుషులు చేజేతులా పోగొట్టేవీ ఉన్నాయి. హైవే మీద బ్యాటరీ డౌనయితే ఆగిన లారీ నుంచి జంపర్ వేయించుకోవడం మామూలే. పెద్ద లారీల్లో చాలావాటిది 24 వోల్టుల వరస. 12 వోల్టుల కారుకు అది తగిలిందంటే కంప్యూటర్‌తో పాటు చాలానే కాలిపోవచ్చు. బ్యాటరీ ప్లస్, మైనస్ తారుమారు చేయడం, కంప్యూటర్ కనెక్టర్ విప్పకుండా బాడీకి వెల్డింగ్ కొట్టడం.. ఇవీ అంతే ప్రమాదం.

పోయిందని తేల్చడానికీ ఒక క్రమముంది. తాళం ఆన్ చేయగానే బోర్డు మీద ఇంజిన్ బొమ్మ లైటు వెలగాలి. అది వెలగక, స్కానర్‌తోనూ మాట్లాడకపోతే ముందు కంప్యూటర్‌కు కరెంటు ఇచ్చే ఫ్యూజులు, మెయిన్ రిలే, దాని ఎర్త్ తీగలు చూడాలి. అవన్నీ ఉంటే సెన్సర్లకు అది పంపే 5 వోల్టులు చూడాలి. అవి లేకపోతే సెన్సర్లను ఒక్కొక్కటీ విప్పుతూ పోవాలి. ఒకటి విప్పగానే 5 వోల్టులు తిరిగొచ్చాయంటే దొంగ ఆ సెన్సరే. వందల్లో, వేలల్లో పోతుంది గానీ పదుల వేలల్లో కాదు.

కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే క్యాన్ తీగల జంటకూ ఒక పరీక్ష ఉంది. బ్యాటరీ విప్పేసి, 16 పిన్నుల సాకెట్‌లో 6, 14 పిన్నుల మధ్య మీటరు పెడితే చాలా బళ్లలో 60 ఓంల దగ్గర చూపాలి. 120 చూపిస్తే ఒక వైపు దారి తెగింది. సున్నా దగ్గరుంటే రెండు తీగలు అతుక్కున్నాయి. ఎలుక కొరికిన వైరింగ్ చాలాసార్లు ఇక్కడే బయటపడుతుంది. ఇన్ని మెట్లు దాటాక కూడా కరెంటు ఉండి, ఎర్త్ ఉండి, పెట్టె పలకకపోతే అప్పుడు అనాలి.. పోయిందని.

తుక్కు మార్కెట్‌లో పాత ఈసీఎం చవగ్గా దొరుకుతుందని తెచ్చుకునేవాళ్లూ ఉన్నారు. ఇమ్మొబిలైజర్ ఉన్న బండిలో ఆ పెట్టె పాత బండి తాళాన్నే అడుగుతుంది. ప్రోగ్రామింగ్ చేయించకపోతే స్టార్ట్ కాదు. అదే మోడలు, అదే పార్ట్ నంబరు కావాలి. లేకుంటే కొన్న డబ్బు నీళ్లపాలే.

‘నేనూ ఓసారి తప్పేను’

ఇంత చెప్పిన మిస్త్రీ తన తప్పు కూడా దాచలేదు. తిత్లీ తర్వాత తీరం ఊరి నుంచి చేపల పికప్ ఒకటి వచ్చింది. ‘‘కంప్యూటర్ అని అందరూ అన్నారు. నాకు మొండితనం. వైరింగే అని పట్టుపట్టేను. తొమ్మిది రోజులు బండిని ఇక్కడే ఉంచేసి తీగ తీగా చూసేను. చివరికి పెట్టె ఇప్పితే లోపలంతా ఉప్పు నీటి మరకలు. నేను ముందే ఇప్పి చూసుంటే రెండో రోజే తేలిపోను. ఆ తొమ్మిది రోజులూ అతను బాడుగ బండి పెట్టుకుని చేపలు పంపేడు. ఆ నష్టం నేనివ్వలేను కదా. కూలీ తీసుకోనేదు, అంతే.’’

అప్పటి నుంచి ఆయన పద్ధతి మార్చుకున్నాడు. చూసిన ప్రతి కొలతా గోడ మీది పలకపై సుద్దతో రాయిస్తాడు. బ్యాటరీ ఇంత, ప్లస్ వైపు ఇంత, ఎర్త్ వైపు ఇంత అని. ‘‘కంప్యూటర్ అని ముందే అనుకోవడం ఎంత తప్పో, కాదని ముందే అనుకోవడమూ అంతే తప్పు. అంకె చెప్పిందే వినాలి’’ అంటాడు. బండి యజమాని వస్తే ఆ పలకే చూపిస్తాడు. చదువురానివాడికైనా ఇంత ఉండాలి, ఇంత ఉంది అని చూపిస్తే అర్థమవుతుందని ఆయన నమ్మకం.

నాలుగు భాషల షెడ్డు

ఈ షెడ్డులో కాసేపు కూర్చుంటే నాలుగు భాషలు వినబడతాయి. ఓడీ-07 బండివాళ్లు వచ్చి ‘గాడి స్టార్ట్ హెఉని భాయినా’ అంటారు. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట వాళ్లు మన యాసలో ‘సెల్ఫ్ కొట్టట్నేదు’ అంటారు. లారీ డ్రైవర్లది హిందీ. స్కానర్ తెర మీద ఇంగ్లిషు. మిస్త్రీకి ఇంగ్లిషు చదవడం కష్టం. తెర చదివిపెట్టేది ఆయన దగ్గర పనిచేసే కుర్రాడు. గంజాం పల్లె కుర్రాడే. అందరిలాగే సూరత్ వెళ్లి మరమగ్గాల్లో పనిచేశాడు. 2020లో కరోనా లాక్‌డౌన్‌లో తిరిగొచ్చి మళ్లీ వెళ్లలేదు.

‘‘ఆయనకు చెవి ఉంది, నాకు కన్నుంది’’ అని నవ్వాడా కుర్రాడు. ఒడియాలో మొదలుపెట్టి తెలుగులో ముగించాడు. కోడ్ నంబరు అతను చదువుతాడు. దాని వెనక కథ మిస్త్రీ చెబుతాడు. ఇద్దరిలో ఎవరు లేకపోయినా పని సగమే. పట్టణంలోని ప్రభుత్వ ఐటీఐ తుక్కు ఇనుముతో చేసిన శిల్పాలకు పేరు పొందింది. అక్కడ చదివిన పిల్లలు కొందరు షెడ్లకు వస్తున్నారని, మీటరు వాడకం వాళ్లకు తెలుసని, చెవి మాత్రం షెడ్డులోనే అబ్బుతుందని మిస్త్రీ అన్నాడు.

చిన్న షెడ్లకు పెద్ద కష్టం సమాచారం. ఏ తీగ ఎక్కడికి వెళ్తుందో చెప్పే వైరింగ్ పటాలు కంపెనీ సర్వీసు సెంటర్లలో ఉన్నంత సులువుగా బయట దొరకవు. కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో ‘రైట్ టు రిపేర్’ పోర్టల్ తెరిచింది. మరమ్మతు సమాచారం, విడిభాగాల వివరాలు కొన్నవారికి అందాలన్నది దాని ఉద్దేశం. అందులో వాహనాల రంగమూ ఉంది. ఆ మాట ఈ రేకుల షెడ్డు దాకా ఇంకా రాలేదు. ఇక్కడ పటాలు ఇప్పటికీ ఒక ఫోను నుంచి ఇంకో ఫోనుకు వచ్చిన ఫొటోలే.

షెడ్డుకు వెళ్లే ముందు..

* తాళం తిప్పినప్పుడు వచ్చిన శబ్దం ఫోనులో రికార్డు చేసుకోండి. మళ్లీ మళ్లీ తిప్పకండి. ఒక్కోసారి ఐదారు సెకన్లు చాలు. ఆగకుండా కొడితే సెల్ఫ్ మోటారు కాలుతుంది.

* ఇంజిన్ బొమ్మ లైటు, తాళం బొమ్మ లైటు ఎలా వెలుగుతున్నాయో గమనించి చెప్పండి.

* టెర్మినళ్ల మీద తెల్లటి పొడి పేరుకుంటే వేణ్నీళ్లతో కడిగించి, బిగించాక గ్రీజు పూయించండి. కడిగేముందు బ్యాటరీ విప్పాలి. ముందు మైనస్, తర్వాత ప్లస్. బిగించేటప్పుడు ముందు ప్లస్.

* సముద్రం పక్క ఊళ్ల వాళ్లు ఏడాదికోసారి ఇంజిన్ ఎర్త్ పట్టీ విప్పించి చూపించండి.

* ‘కంప్యూటర్ పోయింది’ అంటే మూడు అడగండి.. దానికి కరెంటు వస్తోందా? ఎర్త్ చూశారా? సెల్ఫ్ కొట్టేటప్పుడు ఎన్ని వోల్టులున్నాయి? ఈ మూడు అంకెలు చెప్పలేకపోతే ఇంకో షెడ్డుకు చూపించండి.

* కోడ్‌లు చెరపకముందే తెరను ఫొటో తీయించుకోండి. రెండో అభిప్రాయానికి అదే ఆధారం.

* 24 వోల్టుల లారీ నుంచి కారుకు జంపర్ వేయించకండి. ఎంత అవసరమైనా సరే.

మధ్యాహ్నం ఒంటిగంట దాటాక వ్యాను మళ్లీ షెడ్డు ముందు ఆగింది. ఈసారి తాడు లేదు. వెనక సీట్లో పెద్దాయన డయాలసిస్ అయ్యాక నీరసంగా కళ్లు మూసుకుని ఉన్నాడు. ఆయన భార్య కిటికీలోంచి రెండు అరటిపళ్లు కుర్రాడి చేతిలో పెట్టింది. ‘‘వేళకే అందేం బాబూ’’ అని మాత్రం అంది.

డ్రైవరు ఇంజిన్ ఆపలేదు. మిస్త్రీ అది గమనించి దగ్గరికి వచ్చాడు. ‘‘భయమేలరా? ఆపు. మళ్లీ తిప్పు’’ అన్నాడు. డ్రైవరు ఒక క్షణం ఆగి తాళం తీశాడు. మళ్లీ పెట్టి తిప్పాడు.

సగం చుట్టు. అందుకుంది. వ్యాను ఇచ్ఛాపురం వైపు హైవే ఎక్కింది.